గొంతు వంక చూడని పూట

మా ఇంట్లో వంట నాది, భోజనానికి ముందు ప్రార్థన మా ఆయనది. పెళ్ళయిన నాటి నుంచీ ఈ పంపకం మారలేదు. ఆయన ప్రార్థన మొదలుపెట్టారంటే ఒక పట్టాన తెమిలేది కాదు. ముందు బియ్యం పండించిన రైతులు. తర్వాత ఆయన పుట్టిన నిజాంపట్నం వైపు వెళ్ళి, సముద్రం మీద వలలు వేసేవాళ్ళని పలకరించి, అక్కణ్ణించి రైలెక్కి ఢిల్లీ వచ్చేది. పొగమంచులో బస్సులు నడిపేవాళ్ళు, ఆ పూట అన్నం దొరకనివాళ్ళు, చివరికి నా వార్డు. నేను నర్సుని. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే ఏ మంచం మీది మనిషికి ఎలా ఉందో చెప్పడం నాకు అలవాటు. పేర్లు చెప్పను, మంచాలే చెబుతాను. ఆయన ఆ మంచాలన్నిటినీ గుర్తుపెట్టుకుని, "కిటికీ పక్క మంచం పెద్దాయనకి జ్వరం తగ్గించు ప్రభువా, తలుపు దగ్గర మంచం పిల్లకి నిద్ర పట్టించు ప్రభువా" అని వరసగా అప్పజెప్పేవారు. ఈలోగా చేపల పులుసు చల్లారిపోయేది. నాకసలే ఓపిక తక్కువ. ఒక కన్ను తెరిచి, గరిటెతో గిన్నె అంచు మీద టకటకా కొట్టేదాన్ని. ఆయనకి అర్థమై రెండు ముక్కల్లో ఆమెన్ దగ్గరికి వచ్చేసేవారు. "మమ్మీ నే బెల్ బజా దీ" అని, నేను గంట కొట్టేశానని, మా అమ్మాయి కిసుక్కున నవ్వేది.

ఆ ప్రార్థన ఆగిపోయింది.

ఆయనకి నాలుక వెనక పుండు లేచింది. పరీక్షలు చేసి మేం భయపడ్డదే చెప్పారు. రేడియేషన్‌ని మా వైపు కరెంటు పెట్టడం అంటారు. వారాల తరబడి ఆయన గొంతుకి కరెంటు పెట్టారు. మధ్యలో మంచినీళ్ళు కూడా దిగకపోతే ముక్కులోంచి ట్యూబు వేశారు. దేవుడి దయ, డాక్టర్ల చలవ, పుండు పోయింది, ట్యూబూ తీసేశారు. కానీ పుండుతోపాటు నోట్లో తడి పోయింది, రుచి పోయింది. మెల్లగా వస్తుందన్నారు. ఎప్పుడో చెప్పలేమన్నారు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ పెరుగన్నం తినే మనిషి, పోపులో ఎండుమిర్చి ఘాటుకే కళ్ళు మూసుకునేవారు. ఏం పెట్టినా "సుద్దముక్క నమిలినట్టుంది" అనేవారు.

ట్యూబు తీసిన తర్వాత మొదటిసారి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ప్రార్థన చెయ్యమన్నాను. ఆయన గిన్నె వంక చూసి తల అడ్డంగా ఊపారు.

"ఏం తింటున్నానో నాకే తెలవటంలా. దీనికి స్తోత్రం చెబితే దేవుడి ముందు అబద్ధం ఆడినట్టవుద్ది. నువ్వే చెయ్యి."

నేనే చేశాను. నా ప్రార్థన ఇంజెక్షన్ ఇచ్చినట్టు ఉంటుంది, అయిపోయాకే తెలుస్తుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పులుసు వేడివేడిగానే ఉండేది. ఎవరికీ తినబుద్ధి అయ్యేది కాదు.

మింగుడు సరిగ్గా లేని మనిషి తింటుంటే నర్సులం ముఖం చూడం, గొంతు చూస్తాం. గుటక పడిందా, గొంతు పైకి లేచి కిందికి దిగిందా, ఆ వెంటనే దగ్గు వచ్చిందా. ఉద్యోగం నేర్పిన చూపు అది, ఇంటికొచ్చినంత మాత్రాన పోతుందా? ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని. జావ, గుజ్జు చేసిన అన్నం, వడకట్టిన పప్పు. చెంచా నోట్లోకి వెళ్ళిన దగ్గర్నుంచి నా కళ్ళు ఆయన కంఠం మీదే ఉండేవి. "గడ్డం దించి మింగండి. ఆఁ, ఇంకోసారి మింగండి" అంటూ ఉండేదాన్ని. ఆయనకి ఒళ్ళు మండిపోయేది.

"సిస్టరుగారూ, మీరు నా గొంతు వంక చూడటం ఆపితే దిగుద్దేమో!"

కోపం వస్తే నన్ను సిస్టరుగారూ అంటారు. ప్రేమ వచ్చినా అదే పిలుపు. ఏది ఏదో నాకు తెలుస్తుంది. నేను మాత్రం తక్కువ తిన్నానా, ఒంటికాలి మీద లేచేదాన్ని. "మీరు శుభ్రంగా తింటే నాకేం పని మీ గొంతుతో?" అని అరిచేదాన్ని. సగం గిన్నె అలాగే మిగిలేది. మా అమ్మాయికీ నాకూ ఒక కూర, ఆయనకి వేరే గుజ్జు. మేం తినే వేళకి ఆయన లేచి బాల్కనీలోకి పోయేవారు. ఆయన్ని చూస్తూ మేం తినలేకపోతున్నామని గ్రహించి పోయేవారు. అది తెలిసి నాకు ఇంకా కోపం వచ్చేది.

బయటి భోజనాలది మరో కథ. మా తెలుగు సంఘంలో ఒకరింట ప్రార్థన కూడిక జరిగింది. తర్వాత భోజనాలు. ఆ ఇంటావిడ బాపట్ల మనిషి, చెయ్యి పెద్దది. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, పళ్ళెం ఖాళీగా కనిపిస్తే ఊరుకోరు, నిండుగా ఉన్నా ఊరుకోరు. "అన్నయ్యా, ఇంకొంచెం, నా మీద ఒట్టే" అంటూ ఆయన చెయ్యి అడ్డం పెట్టేలోపే పలావు, దాని మీద కోడికూర పడిపోయాయి. ఆయన ఆ నిండు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, అందరూ చేతులు కడుక్కునేదాకా అలాగే కూర్చున్నారు. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని, "మా వంట నచ్చలా అన్నయ్యా?" అంది. ఆయన జబ్బు సంగతి ఆవిడకి తెలియక కాదు. పళ్ళెంలో వదిలేసిన అన్నం కనబడేసరికి మా ఆడవాళ్ళం తెలిసినవన్నీ మర్చిపోతాం. ఆ రోజుతో ఆయన ఎవరింటికీ రానని తేల్చేశారు.

బరువు తగ్గుతూనే వచ్చింది. డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పారు. వచ్చే చెకప్‌కి కూడా ఇలాగే ఉంటే మళ్ళీ ట్యూబు తప్పదని, ఈసారి ముక్కులోంచి కాదు, నేరుగా పొట్టలోకేనని. ఆయన బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నారు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది.

"వెయ్యనివ్వను," అన్నారు మెల్లగా. "ఈ గొట్టంతో బతకటం నా వల్ల కాదే. తిన్నంత తింటా. తర్వాత ఆయన ఇష్టం."

ఆయన అంటే దేవుడు. ఆ మాట అన్నవాళ్ళని వార్డులో చాలామందిని చూశాను. వాళ్ళ మంచాలు ఎలా ఖాళీ అయ్యాయో కూడా చూశాను. అప్పటి నుంచి బల్ల దగ్గర నేను అరిచిందంతా భయంతో అరిచిందే. ఆయన దాన్ని కోపం అనుకున్నారు. సరిదిద్దే ఓపిక నాకు లేకపోయింది.

మా అమ్మాయికి గుర్గావ్‌లో ఉద్యోగం. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది, కోపమొస్తే ఇంగ్లీషులో. మా పెళ్ళిరోజు దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం సోఫాలో కూలబడి ప్రకటించింది.

"యానివర్సరీ డిన్నర్ మేరీ తరఫ్ సే. జాపనీస్. స్మాల్ ప్లేట్స్. బుకింగ్ హో గయీ."

"మీ డాడీకి పచ్చి చేప తినిపిస్తావా? నీకేమైనా మతి పోయిందా?" అన్నాను.

"మమ్మీ, సబ్ కచ్చా నహీ హోతా. మైనే ఫోన్ కర్‌కే పూఛా హై. సబ్ పకా హువా, సాఫ్ట్, నో మిర్చీ. ట్రస్ట్ మీ నా." అన్నీ పచ్చివి కావట, ఉడికించిన మెత్తటివే పెడతారని ఫోన్ చేసి కనుక్కుందట.

ఆయన బాల్కనీ నుంచే అన్నారు, "మీరిద్దరూ వెళ్ళి రండమ్మా. నాకెందుకు?"

మా అమ్మాయి లేచి వెళ్ళి ఆయన కుర్చీ చేతి మీద కూర్చుంది. "డాడీ, మమ్మీ నేను వెళ్తే పెళ్ళి ఎవరిది?" అంది. ఆ ముక్క తెలుగులోనే అంది, వచ్చీరాని తెలుగులో. ఆయనకి నవ్వొచ్చింది. నవ్వితే ఇక రాకుండా ఎలా ఉంటారు?

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మా గల్లీ నిండా కోచింగు పిల్లలు. ఆ సాయంత్రం నేను పట్టుచీర కట్టుకుని, ఆయన కోటు వేసుకుని మెట్లు దిగుతుంటే పుస్తకాల సంచులు మోస్తున్న తెలుగు పిల్లలు "ఆంటీ, పెళ్ళికా?" అని అడిగారు. "ఆఁ, మా పెళ్ళికే" అన్నారాయన. క్యాబులో ధౌలా కువాన్ దాటేదాకా నేను నీళ్ళ సీసా, మెత్తటి రుమాలు, అవసరమైతే అని పెట్టుకున్న జావ ఫ్లాస్కు ఒళ్ళో సర్దుకుంటూనే ఉన్నాను. మా అమ్మాయి ఫ్లాస్కు వంక ఒకసారి చూసింది. దిగేటప్పుడు దాన్ని సీటు మీదే మర్చిపోయేలా చేసింది. ఎలా చేసిందో నాకిప్పటికీ తెలీదు. క్యాబు వెళ్ళిపోయాక చూసుకుని లబోదిబోమన్నాను.

లోపల దీపాలు ఎంత సన్నగా ఉన్నాయంటే, మా వార్డులో రాత్రిపూట కూడా అంతకంటే వెలుగుంటుంది. అంతా చెక్క, రాయి. ఇంత డబ్బున్న చోట ఒక్క బల్ల మీదా గుడ్డ పరచలేదేమిటో అనుకున్నాను. ఒక పక్కన పొడుగాటి అరుగులాంటి చెక్క కౌంటరు ఉంది. దాని వెనక వంటవాళ్ళు నిలబడి మన కళ్ళ ముందే కోస్తారు, కాలుస్తారు. మాకు ఆ కౌంటరు దగ్గర మూడు కుర్చీలు చూపించారు, పక్కపక్కన. ఆయన ఒక చివర కూర్చున్నారు. నేను పక్క కుర్చీ లాగబోతుంటే మా అమ్మాయి గభాలున మధ్యలో కూర్చుంది.

"నేను డాడీ పక్కన కూర్చుంటా, నువ్వు ఇటు రా," అన్నాను.

"మమ్మీ, ప్లీజ్. ఐ వాంట్ టు సిట్ బిట్వీన్ యూ టూ."

"పోనీ టేబుల్ అడుగు, ఎదురెదురుగా కూర్చోవచ్చు."

"టేబుల్ ఖాళీ నహీ హై."

నా వెనక రెండు టేబుళ్ళు ఖాళీగా కనబడుతూనే ఉన్నాయి. వేలు పెట్టి చూపించాను కూడా. మా అమ్మాయి మెనూలో తల దూర్చేసింది. చదువుకున్న పిల్లలకి వినపడనట్టు నటించడం బాగా వస్తుంది.

మొదటి పళ్ళెం వచ్చింది. పళ్ళెం అనకూడదు. మా ఇంట్లో ఊరగాయ వేసుకునే గిన్నె అంత ఉంది. పలచటి రసంలో మూడు టోఫు ముక్కలు, సోయా పాల పనీరు లాంటివి, పైన ఉల్లికాడల తరుగు. "ఇదేంటి, శాంపిలా?" అన్నాను. వడ్డించే అమ్మాయి ఈశాన్యం వైపు పిల్ల, సన్నగా నవ్వి, ఇక్కడ అన్నీ ఇలా చిన్నచిన్నగానే వస్తాయని, ఒకటి తిన్నాకే ఇంకొకటి తెస్తామని హిందీలో చెప్పింది. అలవాటు కొద్దీ నేను చెంచా అందుకుని వడ్డించబోయాను. ఏం వడ్డించను? తలా ఒక ముక్క. కొసరడానికి అక్కడ ఏముంది కనక? నా మీద ఒట్టు పెట్టి ఇంకోటి వెయ్యడానికి లేదు, వద్దంటే అలగడానికి లేదు. వడ్డించే ఆడవాళ్ళకి చెయ్యాడని భోజనం అది. నాకు తోచక చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆయన తిన్నారో లేదో చూద్దామని ముందుకి వంగాను. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి కూడా వంగింది. దాని జుట్టు, చెవిపోగు తప్ప నాకేమీ కనబడలేదు. వెనక్కి వాలి చూడబోయాను. అదీ వెనక్కి వాలింది. రెండోసారికి నాకు వెలిగింది, కావాలనే చేస్తోంది. పళ్ళు కొరుక్కున్నాను. అంత పెద్ద హోటల్లో అంతకంటే ఏం చెయ్యగలను? దగ్గు వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. రాలేదు.

తర్వాత వంకాయ వచ్చింది. అడ్డంగా కోసి, పైన తియ్యటి గోధుమరంగు ముద్ద పూసి కాల్చారు. చెంచాతో గీస్తే వెన్నలా వస్తోంది. తిని చూశాను. మన గుత్తివంకాయకి పథ్యం పెట్టినట్టుంది. ఉప్పు తక్కువ, కారం అసలే లేదు. గుంటూరు మిరపకాయకి పుట్టిన నోరు నాది, గునిసింది. చుట్టూ చూశాను. పక్క కుర్చీల్లో సూట్లు వేసుకున్నవాళ్ళు, నగలు పెట్టుకున్నవాళ్ళు, అందరూ అదే చప్పిడి వంకాయ కళ్ళు మూసుకుని తింటున్నారు. అప్పుడు తట్టింది నాకు. ఆ కౌంటరు మీద పథ్యం గిన్నె అంటూ వేరే లేదు. ఆయన తినేదే మేం తింటున్నాం, మేం తినేదే ఊరంతా తింటోంది. ఎన్నాళ్ళయింది మేం ముగ్గురం ఒకటే కూర తిని!

వడ్డించే పిల్ల ఖాళీ పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని నా ముందు నుంచే తీసుకెళ్ళింది. మూడు. మూడూ ఖాళీ. ముందు మా అమ్మాయి ఆయన వంకాయ కూడా లాగించి ఉంటుందనుకున్నాను. చిన్నప్పుడు నేను చూడకుండా ఆయన పళ్ళెంలోంచి ముక్కలు ఏరుకు తినేది. కానీ ఆవిరి మీద ఉడికించిన చేప ముక్క వచ్చినప్పుడు మా అమ్మాయి రెండు చేతులూ నా కళ్ళ ముందే ఉన్నాయి. చాప్‌స్టిక్స్ అనే ఆ పుల్లలతో తినడం నాకు నేర్పుతోంది. నా ముక్క జారి రెండుసార్లు పడింది. ఆయన గిన్నె మళ్ళీ ఖాళీగానే వెళ్ళింది. వదిలేయడానికి అందులో ఎక్కువ లేదు మరి. ఏ చిన్న గిన్నె అయినా అంతా తినేస్తే అది అంతా తిన్నట్టే. బాపట్ల ఆవిడ ఇంట్లో ఒళ్ళో నిండు పళ్ళెం పెట్టుకుని కూర్చున్న మనిషి, ఇక్కడ ఖాళీ గిన్నెలు పంపిస్తున్నారు. నేను నోరెత్తలేదు. ఎత్తితే పాడైపోతుందని భయం వేసింది.

అప్పుడు మూతలున్న కప్పులు వచ్చాయి. మూత తీస్తే సన్నటి ఆవిరి. లోపల లేత పసుపు రంగులో, మన జున్నులా కదులుతోంది. గుడ్డుని ఏదో రసంలో గిలక్కొట్టి ఆవిరి మీద ఉడికించారట. పైన ఒక్క రొయ్య. వేడిగా ఉన్నప్పుడే తినాలని ఆ పిల్ల చెప్పింది. నేను ఒక చెంచా తిన్నాను. మెత్తగా ఉంది, ఉప్పటి నీళ్ళలా ఉంది, అంతకంటే నాకేమీ తెలియలేదు.

"ఏమే," అన్నారాయన, మా అమ్మాయి తల మీంచి.

పొరపోయిందేమోనని లేవబోయాను.

"ఇందులో ఎండు చేప ఉంది."

"ఎక్కడుంది? రొయ్య అది," అన్నాను.

"రొయ్య నాకు తెలవదా? కనబడేది చెప్పటంలా నేను. ఇందులో ఎండు చేప పడింది. మన నెత్తళ్ళు కాదు, ఇంకేదో. పొగ పెట్టిన చేప."

నేను ఇంకో చెంచా తిన్నాను. గుడ్డు తప్ప ఏమీ తగల్లేదు. పాపం, ఏదో భ్రమ అనుకున్నాను. మా ఇంట్లో నెత్తళ్ళు వేయించి చాలా కాలమైంది. కింది అంతస్తులో ఉండే ఇంటి ఓనరమ్మ పంజాబీ ఆవిడ, మంచి మనిషే, కానీ ఎండు చేప వాసన వస్తే ఆవిడ గ్యాసు లీకవుతోందని మెట్లెక్కి వచ్చేది. ఆవిడతో పడలేక మానేశాను. ఆయనకి ఆ బెంగ ఉంది, అందుకే ఎక్కడ తిన్నా అదే గుర్తొస్తోంది అనుకున్నాను.

మా అమ్మాయి ఊరుకోలేదు. కౌంటరు వెనక ఉన్న వంటాయన్ని పిలిచి, "భయ్యా, ఇస్మే డ్రైడ్ ఫిష్ హై క్యా?" అని అడిగింది. అతను చేతిలో కత్తి పక్కన పెట్టి, అవును, గుడ్డు కలిపే రసమే అది, ఎండబెట్టి పొగపెట్టిన చేపని తురిమి, సముద్రపు నాచుతో కలిపి కాస్తాం, అన్నాడు. మీకు పడదా సర్, మార్చమంటారా, అని కంగారుగా అడిగాడు కూడా.

నా నాలుకకి ఏ జబ్బూ లేదు. నాకు తెలియలేదు. సుద్దముక్క తప్ప ఏమీ తెలియడం లేదన్న మనిషికి తెలిసింది. భ్రమ కాదు, బెంగ కాదు. రుచి వచ్చింది. కాస్తో కూస్తో, ఏ మూల నుంచో, వచ్చింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. దాచుకోలేదు. పట్టుచీర కొంగుతోనే తుడుచుకున్నాను.

మా అమ్మాయి నా మోకాలు మీద చెయ్యి వేసింది. ఆయన ఖాళీ కప్పు చెక్క మీద ముందుకి జరిపారు.

"ఇంకోటి చెప్పమ్మా," అన్నారు.

మారు అడిగారు. ఎవరూ బతిమాలకుండా, ఎవరూ ఒట్టు పెట్టకుండా.

ఆ ఒక్క పూటతో అంతా చక్కబడిందని చెబితే అది కోత. తర్వాత కూడా సుద్దముక్క రోజులు వచ్చాయి, గొంతు పట్టేసిన పూటలు వచ్చాయి. కానీ మర్నాడే నేను మా బల్లని గోడకి చేర్చేసి మూడు కుర్చీలూ ఒకే వైపు వేశాను. ఊరగాయ గిన్నెల్లో వడ్డించడం మొదలుపెట్టాను. నెత్తళ్ళు కాచిన నీళ్ళు వడకట్టి గుడ్డులో కలిపి ఉడికించాను. ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. విషయం చెబితే, "అచ్ఛా, తో పకావో నా, బెహన్‌జీ" అని, వండుకోమని చెప్పి, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకునే దిగిపోయింది. తర్వాతి చెకప్‌కి డాక్టరుగారు బరువు చూసి ట్యూబు మాట ఎత్తలేదు. అందుకు డాక్టరుగారికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

కానీ ఆ సాయంత్రం ఇంకా అయిపోలేదు. రెండో కప్పు వచ్చింది. వడ్డించే పిల్ల మూత తీసి, "సర్, గరమ్ గరమ్ ఖాయియే" అంది. ఆయన చెంచా ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తల వంచారు.

"పరలోకమందున్న మా తండ్రీ," అని గొంతు సవరించుకున్నారు. కరెంటుకి బొంగురుపోయిన గొంతు. మా అమ్మాయి చటుక్కున కళ్ళు మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

మొదట బియ్యం పండించిన రైతులు వచ్చారు, అక్కడ ఒక్క మెతుకు లేకపోయినా. తర్వాత నిజాంపట్నం వలలు. ఈసారి జపాను సముద్రం మీద వలలు వేసేవాళ్ళు కూడా చేరారు, ఆ చేపని ఎండబెట్టినవాళ్ళు, పొగ పెట్టినవాళ్ళు. ఢిల్లీ బస్సు డ్రైవర్లు వచ్చారు. నా వార్డు వచ్చింది. ఆయనకి జబ్బు చేసిన దగ్గర్నుంచి నేను మంచాల సంగతులు చెప్పడం మానేశాను కనక, ఆయన దగ్గర పాత మంచాలే ఉన్నాయి. ఎప్పుడో నయమై ఇంటికెళ్ళిపోయిన పెద్దాయనకి మళ్ళీ జ్వరం తగ్గించమని అడిగారు. కౌంటరు వెనక కత్తి చప్పుడు ఆగిపోయింది. వడ్డించే పిల్ల మా వెనకాల కదలకుండా నిలబడినట్టు తెలుస్తోంది. కప్పులోంచి వేడి పోతోందని నాకు తెలుసు. అలవాటైన నా కుడిచెయ్యి గరిటె కోసం వెతికింది. పుల్లలు తగిలాయి. వాటిని చప్పుడు కాకుండా పక్కన పెట్టాను.

"కరెంటు గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి ఒక్క గుటక దిగేటట్టు చెయ్యి ప్రభువా," అన్నారాయన. అయిపోయిందేమో అనుకున్నాను. "మా సిస్టరుగారికి నా గొంతు వంక చూసి చూసి కళ్ళు అలిసిపోయినయ్యి. ఆ కళ్ళకి కాస్త విశ్రాంతి ఇయ్యి. ఆమెన్."

మా అమ్మాయే గట్టిగా ఆమెన్ అంది, ఇద్దరి తరఫునా.

వడ్డించే పిల్ల వచ్చి, చల్లారిపోయింది సర్, వేడి చేసి తెస్తాను, అంది. వద్దమ్మా, నాకిదే బాగుంటుంది, అన్నారాయన. మా అమ్మాయి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. ఇప్పుడు ఆయన పూర్తిగా కనబడతారు, చూడాలనుకుంటే. నేను నా కప్పులోకే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి అటు వైపు నుంచి చెంచా కప్పు అడుగుని గీసిన చప్పుడు వినబడింది.